పెట్టె మీద 'ఫోర్ కె'... లోపల ఎంత?

వీడియో గేము రికార్డు చేసే పరికరం కొనేముందు చూసుకోవలసినవి

(మా గ్రామీణ విలేకరి)

టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేము పెట్టెలు పల్లెల్లోకీ వచ్చాయి. ఆడుకోవడంతో సరిపెట్టుకోక, ఆ ఆటను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలని, ఆడుతుండగానే నలుగురికీ చూపించాలని ఉబలాటపడే కుర్రాళ్ళు కనిపిస్తున్నారు. అందుకు పనికివచ్చే పరికరం క్యాప్చర్ కార్డు. కొన్ని వందల రూపాయలకు దొరికేవీ ఉన్నాయి, పది వేలు దాటేవీ ఉన్నాయి. చూపుకు పెద్ద తేడా ఉండదు. చవక వాటి అట్టపెట్టెల మీద కూడా 'ఫోర్ కె' అని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. తేడా తెలియక కొంటే చవకది మూలన పడుతుంది. ఖరీదైనది అవసరం లేకుండా కొంటే ఒక కూలీ నెల సంపాదన వృథా అవుతుంది.

గేము పెట్టె నుంచి టీవీకి బొమ్మ, ధ్వని హెచ్‌డీఎంఐ వైరులో వెళతాయి. క్యాప్చర్ కార్డు ఆ దారిలో కూర్చుని, అదే బొమ్మను యూఎస్‌బీ వైరు ద్వారా కంప్యూటర్‌కు అందిస్తుంది. కంప్యూటర్‌లోని ఓబీఎస్ స్టూడియో వంటి ప్రోగ్రాము దానిని రికార్డు చేస్తుంది, లేదా నేరుగా యూట్యూబ్‌కు పంపుతుంది. ఓబీఎస్ పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగేవారిని నమ్మనవసరం లేదు.

అసలు అవసరమేనా?

కొనేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5కు రికార్డు చేసే సౌకర్యం లోపలే ఉంది. కంట్రోలర్ మీద ఉన్న 'క్రియేట్' మీటతో గంటసేపటి ఆట వరకు దాచుకోవచ్చు. దానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. కంప్యూటర్ లేకుండానే యూట్యూబ్‌కు లైవ్ కూడా ఇవ్వవచ్చు. 2013 నాటి ప్లేస్టేషన్ 4లో మామూలుగా 15 నిమిషాలు రికార్డవుతుంది. సెట్టింగు మారిస్తే గంట వరకు పెంచుకోవచ్చు. అప్పుడప్పుడు ఒక మంచి గోలో, ఒక సిక్సరో స్నేహితులకు చూపాలనుకునే వారికి ఇది చాలు. పైసా ఖర్చు లేదు.

2017లో వచ్చిన నింటెండో స్విచ్ సంగతి వేరు. అందులో చివరి 30 సెకన్లే దాచుకోగలం. అంతకు మించి కావాలంటే కార్డు తప్పదు. అయితే స్విచ్ నుంచి టీవీకి బొమ్మ వచ్చేది దాని డాక్ ద్వారానే. స్విచ్ లైట్ అనే చిన్న రకానికి టీవీకి బొమ్మ పంపే ఏర్పాటే లేదు. అది ఉన్నవారు కార్డు కొంటే డబ్బు నీళ్ళపాలే.

ఇంకా పాత ప్లేస్టేషన్ 2 ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. దానికి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లే గాని హెచ్‌డీఎంఐ లేదు. ఆ మూడు వైర్లు నేరుగా పట్టే వేరే రకం పరికరం దానికి కావాలి.

గంటల తరబడి ఆట రికార్డు చేసేవారు, ఆటతోబాటు తమ ముఖం, తెలుగు అక్షరాలు కూడా తెర మీద తమకు కావలసిన తీరులో చూపాలనుకునేవారు, రెండు మూడు రకాల గేము పెట్టెలున్న వారు కార్డు గురించి ఆలోచించవచ్చు.

కాలువ పెద్దదే, తూము చిన్నది

కాలువ నిండా నీళ్ళున్నా చేలోకి వచ్చేది తూముకు పట్టినంతే. క్యాప్చర్ కార్డులో ఆ తూము యూఎస్‌బీ. చవక పరికరాలలో చాలా వాటికి ఉండేది యూఎస్‌బీ 2.0. దానిలో సెకనుకు 480 మెగాబిట్ల సమాచారానికి మించి పోదు. ఇప్పటి టీవీలలో మామూలుగా కనిపించే 1080 గీతల బొమ్మలను సెకనుకు 60 చొప్పున ఉన్నవి ఉన్నట్లు పంపాలంటే సుమారు 2,000 మెగాబిట్ల దారి కావాలి. అంటే నాలుగింతలు.

దారి చాలనప్పుడు పరికరం ప్రతి బొమ్మను నొక్కి కుదించి పంపుతుంది. ఆట నెమ్మదిగా ఉన్నప్పుడు ఇది తెలియదు. కార్లు పరుగెత్తేటప్పుడు, ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి, జనం కనిపించేటప్పుడు బొమ్మ ముద్దగా అవుతుంది. కొన్నింటిలో సెకనుకు 60కి బదులు 30 బొమ్మలే వస్తాయి.

యూఎస్‌బీ 3.0 దారి 5,000 మెగాబిట్లు. 60 బొమ్మలూ సాఫీగా నడుస్తాయి. అయితే కంప్యూటర్‌లోనూ ఆ రంధ్రం ఉండాలి. సాధారణంగా దాని లోపలి నాలుక నీలం రంగులో ఉంటుంది, లేదా పక్కన 'ఎస్ఎస్' గుర్తు ఉంటుంది.

మరి 'ఫోర్ కె' మాట? చవక పరికరాల మీద ఆ మాటకు అర్థం, ఫోర్ కె బొమ్మ వస్తే లోపలికి తీసుకుంటుందని మాత్రమే. రికార్డయ్యేది అందులో నాలుగో వంతు చుక్కలున్న 1080 బొమ్మ. మంచి పరికరాలలోనూ ఈ తేడా ఉంటుంది గాని, అంకెలు విడివిడిగా చెబుతారు. 2022లో వచ్చిన ఎల్‌గాటో హెచ్‌డీ60 ఎక్స్‌నే తీసుకుందాం. అది టీవీకి ఫోర్ కె బొమ్మలను సెకనుకు 60 చొప్పున పంపుతుంది. రికార్డు చేసేది మాత్రం 1080 అయితే 60, ఫోర్ కె అయితే 30.

కాబట్టి లోపలికి ఎంత తీసుకుంటుంది, టీవీకి ఎంత పంపుతుంది, ఎంత రికార్డు చేస్తుంది అన్న మూడు అంకెలనూ అడిగి తెలుసుకోవాలి. మూడవది చెప్పని పరికరం జోలికి పోకపోవడం మేలు. చూసేవారిలో చాలామంది ఫోన్లలోనే చూస్తారు గనుక 1080 బొమ్మ, సెకనుకు 60 ఉంటే చాలు. ఫోర్ కె రికార్డింగు కోసం రెట్టింపు డబ్బు పోయనక్కరలేదు.

టీవీకి దారి ఉందా?

మంచి కార్డుకు హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండుంటాయి. ఒకటి గేము పెట్టె నుంచి రావడానికి, రెండవది టీవీకి పోవడానికి. పెన్‌డ్రైవ్‌లా ఉండే చవక వాటిలో చాలా వాటికి ఒకటే ఉంటుంది. అప్పుడు కంప్యూటర్ తెర మీద చూస్తూనే ఆడాలి. అక్కడికి బొమ్మ కాస్త ఆలస్యంగా చేరుతుంది. క్రికెట్ ఆటలో బంతి వికెట్లను తాకాక బ్యాటు ఊపినట్లుంటుంది. కదలికలు లేని ఆటలకు ఫరవాలేదు గాని, చురుకైన ఆటలకు పనికిరాదు. ఒకే రంధ్రం ఉన్నది ఇప్పటికే కొన్నవారు హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఒకటి తెచ్చుకుంటే బొమ్మ టీవీకి, కార్డుకు కూడా పోతుంది.

నల్ల తెర వస్తే

కొత్త కార్డు తగిలించగానే తెర నల్లగా కనిపిస్తే పరికరం పాడైందని కంగారు పడవద్దు. సినిమాలు కాపీ కాకుండా హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐ వరుసలో వెళ్ళి దానిని తీసివేయవచ్చు. తీసినంతసేపు నెట్‌ఫ్లిక్స్ వంటి సినిమా యాప్‌లు నడవవు. పని అయ్యాక తిరిగి పెట్టుకోవాలి. ప్లేస్టేషన్ 4 వచ్చిన కొత్తలో ఈ వీలు లేదు. 2014 ఏప్రిల్‌లో వచ్చిన మార్పుతో ఇచ్చారు. ప్లేస్టేషన్ 3లో మాత్రం హెచ్‌డీఎంఐకి ఉన్న తాళాన్ని తీసే సెట్టింగు లేదు.

కరెంటు, నెట్, డిస్కు

కార్డు ధరతో లెక్క ముగియదు. యూట్యూబ్ సూచన ప్రకారం 720 గీతల బొమ్మకు సెకనుకు 30 చొప్పున లైవ్ ఇవ్వాలంటే 4 మెగాబిట్లు పైకి పోవాలి. గంటకు 1.8 జీబీ ఖర్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ఫోను ప్యాకు 50 నిమిషాలకే అయిపోతుంది. నెట్ వేగం చూసుకునేటప్పుడు డౌన్‌లోడ్ అంకె కాదు, అప్‌లోడ్ అంకె చూడాలి. అది చాలనివారు లైవ్ మానుకొని, రికార్డు చేసి తీరికగా ఎక్కించడం మంచిది. సెకనుకు 20 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 9 జీబీ డిస్కు నిండుతుంది.

వేళాపాళా లేకుండా కరెంటు పోయే ఊళ్ళలో మరొక జాగ్రత్త అవసరం. మామూలు ఎంపీ4గా రికార్డు చేస్తుండగా డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆగిపోతే ఆ ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. ఓబీఎస్‌లో ఎంకేవీ పెట్టుకుంటే అప్పటివరకు అయినంత దక్కుతుంది. తరువాత ఓబీఎస్‌లోనే దానిని ఎంపీ4గా మార్చుకోవచ్చు.

సంపాదన మాట

"యూట్యూబ్‌లో డబ్బు వస్తుంది" అని ఇంట్లో చెప్పి కొనిపించుకునే వారున్నారు. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. చిన్న వీడియోలైతే 90 రోజుల్లో కోటి వీక్షణలు. అందువల్ల కార్డు అప్పు చేసి కొనవలసిన వస్తువు కాదు. 16 ఏళ్ళు నిండని పిల్లలు ఒంటరిగా లైవ్ ఇవ్వడానికి వీలులేదని 2025 జూలై 22 నుంచి యూట్యూబ్ నిబంధన పెట్టింది. తల్లిదండ్రులు దీనిని గమనించాలి.

నాలుగు వీడియోలు జనం చూడగానే పందేల యాప్‌ల వాళ్ళు ప్రకటన కోసం కబురు చేయవచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది. ప్రకటన చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా అని అందులో ఉంది.

కొనే రోజున

అంగడిలో కొనేవారు తమ గేము పెట్టెను, ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్ళి, ఓబీఎస్‌లో తగిలించి చూపమనాలి. 1080 బొమ్మ సెకనుకు 60 చొప్పున వస్తున్నదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించేవారు పార్సిల్ విప్పుతుండగా ఫోనులో వీడియో తీసుకోవాలి. వాపసు గడువు దాటకముందే పరీక్షించాలి. బిల్లు తప్పక తీసుకోవాలి. పెట్టె మీద రాసిన పని పరికరం చేయకపోతే, అమ్మినవారు పట్టించుకోకపోతే, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ను కూడా ఆశ్రయించవచ్చు. రెండు చోట్లా మొదట అడిగేది బిల్లే.