సముద్రతీరమున బైసికిలు తీర్థయాత్ర

బైసికిలు నెక్కి తీర్థయాత్ర చేయుట తగునా? కాలినడకను పోవువాడే యాత్రికుడనియు, చక్రములమీద పోవువాడు వట్టి వాహ్యాళికి బయలుదేరినవాడనియు కొందరి తలంపు. ఈ ప్రశ్నకు ఐరోపాఖండమందలి యొక పురాతనమైన త్రోవ తన నియమములచేతనే ప్రత్యుత్తరము చెప్పుచున్నది. దానినిగూర్చి యిచట కొంత వివరింతుము.

జెబెదయి కుమారుడగు యాకోబు హేరోదు ఆజ్ఞచే హతుడయ్యెనని అపొస్తలుల కార్యముల 12వ అధ్యాయమున చదివియున్నాము. ఆయన దేహమును శిష్యులు పడవలో స్పెయిను దేశపు వాయవ్య తీరమునకు చేర్చిరని యొక ఐతిహ్యము కలదు. 9వ శతాబ్దమున అచట కనుగొనబడిన యొక సమాధిని ఆయనదిగా నెంచి జనులు దూరదేశములనుండి వచ్చుట కారంభించిరి. ఆ స్థలమే సాంతియాగో దె కొంపొస్తెలా. అచటి మహాదేవాలయమును 1075లో కట్ట నారంభించి 1211లో ప్రతిష్ఠించిరి. ఐతిహ్యమును చరిత్రకారులు సందేహింతురు గాని, ఇన్ని శతాబ్దములుగా ఆ త్రోవను నడచిన పాదములను ఎవరును సందేహింపరు.

ఆ నగరమునకు పోవు త్రోవలు పెక్కులు. వానిలో నొకటి పోర్చుగలు దేశపు పోర్టో పట్టణమున మొదలై, అట్లాంటిక్ మహాసముద్రపు టొడ్డున ఉత్తరముగా సాగును. దూరము సుమారు 280 కిలోమీటర్లు. విలా దో కొందె, ఎస్పొజెందె మొదలగు నూళ్లను గడచి, ఐఫెల్ సంస్థవారు కట్టగా 1878లో తెరవబడిన యినుప వంతెనమీదుగా లీమా నదిని దాటి, వియానా దో కాస్తెలో చేరుదుము. పిమ్మట కమీన్యాయొద్ద మీన్యో నది రెండు దేశములకు ఎల్లయై యున్నది. పడవలో ఆవలి యొడ్డున దిగినంతనే గడియారమును ఒక గంట ముందుకు త్రిప్పవలెను. ఏలయనగా స్పెయిను కాలము పోర్చుగలు కాలముకంటె ఒక గంట ముందు. తరువాతిది బయోనా రేవు. కొలంబసు యాత్రావార్తతో పింతా యను ఓడ 1493లో వచ్చి చేరినది యిచటికే. వీగో నగరము దాటి రెడోండేలాయొద్ద ఈ త్రోవ లోనాటి త్రోవతో కలియును.

తీరపు త్రోవ గదా, కొండలు తక్కువ గదా యని తేలికగా తలంపరాదు. వేసవిలో అజోర్సు దీవుల ప్రాంతమున సముద్రముపై వాయుపీడనము హెచ్చుగాను, ఎండకు కాగిన స్పెయిను భూమిపై తక్కువగాను ఉండును. వీని నడుమ కదలు గాలి భూభ్రమణముచే ప్రక్కకు మరలి, తీరము వెంబడి ఉత్తరమునుండి దక్షిణమునకు వీచును. అచటివారు దీనిని నొర్తాడా యందురు. ఉత్తరముగా పోవువారికి అది ఎదురుగాలి. మధ్యాహ్నమునకు బలపడును గనుక తెల్లవారగనే బయలుదేరుట మేలు. పల్లెలలో గ్రానైటు రాళ్లు పరచిన వీథులమీద చక్రములు అదరిపడును. ఇసుకతిన్నెలపై వేసిన కొయ్యబాటలు పెక్కుచోట్ల పాదచారులకే విధింపబడినవి.

ఇక నియమముల సంగతి. యాత్రికుడు ఒక పత్రమును వెంట ఉంచుకొని, దేవాలయములలోను సత్రములలోను దినమునకు కనీసము రెండు ముద్రలు వేయించుకొనవలెను. సాంతియాగోలో యోగ్యతాపత్రము పొందుటకు నడచువానికి 100 కిలోమీటర్లు చాలును. బైసికిలువానికి 200 కావలెను. గలీసియా ప్రభుత్వ సత్రములయందు పడకలు మొదట నడచివచ్చినవారికే; మిగిలినయెడల బైసికిలువారికి. సాయంకాలము అందరికంటె ముందుగా సత్రము చేరినవాడును, వెనుక వచ్చు పాదచారులకొరకు వేచియుండవలసినదే.

ఇది బైసికిలుపై కక్ష కాదు. వేగమను లాభము పొందినవాడు దూరమును అధికముగా మోయవలెననియు, అలసినవానికి ముందుగా విశ్రాంతి దొరకవలెననియు దీని భావము. కాబట్టి చక్రములమీద పోవుటచేత యాత్ర చెడదు. నడచువానిని త్రోసికొని పోవుటచేత చెడును. మన పాఠశాలకు బైసికిళ్లమీద వచ్చు బాలురు, పుస్తకముల సంచి మోయుచు నడచివచ్చు తోడివారిని ప్రతిదినము దాటిపోవుచుందురు గదా! అట్టివేళ గంట మ్రోగించి, వేగము తగ్గించి, వారికి త్రోవ యిచ్చినయెడల, పోర్టోకు పోకయే ఆ యాత్రలోని మొదటి పాఠము నేర్చినవారగుదురు.