ఒకే గ్రాఫులో హుద్‌హుద్

2014 అక్టోబరు 12న మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరానికి ఈశాన్యాన, గోస్తనీ నది ఒడ్డున ఉన్న తగరపువలస ఆ తుపానుకు కుడిపక్కన పడింది. మన అర్ధగోళంలో గాలి జోరు ఆ పక్కనే ఎక్కువ. సుడి తిరిగే వేగానికి తుపాను ముందుకు కదిలే వేగం అక్కడ తోడవుతుంది. వాతావరణ శాఖ అంచనాలో ఆనాటి గాలి గంటకు 180 కిలోమీటర్లు, తుపాను నడిమధ్యన పీడనం 950 హెక్టోపాస్కల్స్. మామూలు రోజున పీడనం 1010 దరిదాపుల్లో ఉంటుంది.

గాలి, పీడనం, వాన మూడింటినీ వెబ్ పేజీలో ఒకే గ్రాఫుగా చూపించడానికి చార్ట్.జెఎస్ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీ చాలు. ఒక్కో వరుసకూ పేరు, రంగు, అంకెలు అందిస్తే గీతలు అదే గీసిపెడుతుంది. గీయడం తేలిక. ఆ గీతలు నిజం చెబుతున్నాయా అన్నదే తంటా.

ముందు గడియారం సంగతి చూడాలి. మన దేశంలో రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కగట్టి, కొలత తీసిన రోజు తేదీ వేస్తారు. కాబట్టి 12న మధ్యాహ్నం కురిసిన వాన 13వ తేదీ ఖాతాలో పడుతుంది. గాలి కొలతలు ఏ గంటవి ఆ గంటవే. తేదీలు చూసి రెండింటినీ జత చేస్తే, గాలి వెళ్లిపోయాక వాన తీరిగ్గా వచ్చినట్టు కనబడుతుంది! జావాస్క్రిప్ట్ ఇంకో మెలిక పెడుతుంది. '2014-10-12' అని ఉత్త తేదీ ఇస్తే దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మనకది తెల్లవారి 5:30. తేదీతోపాటు గంట కూడా రాస్తే మాత్రం స్థానిక సమయం అనుకుంటుంది. ఒకే ఫైల్లో రెండు రకాలూ కలిస్తే ఒక గీత ఐదున్నర గంటలు పక్కకు జరిగిపోతుంది. ప్రతి కొలతకూ తేదీ, గంట రెండూ రాసి చివర +05:30 తగిలించడం మేలు.

ఇక కొలమానం. గాలి అంకెలు 0 నుంచి 200 లోపు తిరుగుతాయి, పీడనం ఈ తుపానులో 900 పైనే. రెండింటికీ ఒకే నిలువు అక్షమైతే పీడనం గీత పైన ఇంచుమించు చదునుగా పడి ఉంటుంది. తుపానుకు మూలమైన ఆ పతనమే కంటికి ఆనదు. కుడివైపు రెండో అక్షం పెట్టే వీలు లైబ్రరీలో ఉంది. పెడితే గీతలు ఎక్కడో ఒకదాన్నొకటి దాటుతాయి, చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. ఆ కూడలికి అర్థమేమీ లేదు. కుడి అక్షాన్ని 950 బదులు 900 నుంచి మొదలుపెడితే అది ఇంకో చోటికి పోతుంది.

కూడలికి అర్థం ఉండే గ్రాఫులూ ఉన్నాయి. విలియం ప్లేఫేర్ అనే ఆయన 1786లో అచ్చువేసిన ఒక గ్రాఫులో డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లండు ఎగుమతులూ దిగుమతులూ రెండు గీతలు. అవి దాటుకున్న చోటుకు అర్థం ఉంది. రెండూ పౌండ్లే గనుక, వ్యాపారం ఇంగ్లండుకు లాభంగా మారింది అక్కడే. గాలికీ పీడనానికీ అలాంటి ఉమ్మడి కొలత లేదు. నన్నడిగితే రెండింటినీ విడి గ్రాఫులుగా, గాలి పైన, పీడనం కింద పేర్చి, సమయం గీత ఒక్కటే ఉంచాలి.

అలా పేరిస్తే తుపాను కన్ను, అంటే నడిమధ్యన గాలి తగ్గే చోటు, బయటపడుతుంది. కన్ను ఊరి మీదుగా వెళ్లినప్పుడు పీడనం లోతుకు దిగి లేస్తుంది. గాలి గీతలో రెండు శిఖరాలు, మధ్యన లోయ. ఆ లోయ పీడనం అడుగంటిన క్షణానికి నిలువునా పైనే ఉంటుంది. గాలి గీత ఒక్కటే చూస్తే గండం గడిచిందనిపిస్తుంది. ఆ ధీమాతో బయటికి వచ్చినవాళ్లను ఎదురు దిక్కు నుంచి రెండో విడత గాలి కొడుతుంది.

తుపాను ముదిరేసరికి కరెంటు పోయి పరికరాలు మూగబోవడం మామూలే. ఆ ఖాళీల్లో సున్నాలు నింపేవాళ్లున్నారు. గాలి గీతలో ఆ సున్నాలు అచ్చం తుపాను కన్నులాగే ఉంటాయి. అంకె బదులు 'నల్' అని ఇస్తే చార్ట్.జెఎస్ గీతను అక్కడ తెంపుతుంది, స్పాన్‌గ్యాప్స్ అనే సెట్టింగు ఆన్ చేస్తే మళ్లీ అతికిస్తుంది. దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. ఇంకొకరు ఇచ్చిన ఫైల్లో గాలి సున్నాకు పడిపోయి కనబడితే కింది పీడనం గీత చూడాలి. నిజంగా కన్నే అయితే అక్కడ పీడనమూ అడుగంటి ఉండాలి.