ఓటమి ఏడాదికి ఇచ్చిన పతకం

యుగోస్లావియా పేరు మోసిన రాజ్యాలన్నీ అంతరించాయి. అవి పంచిన పతకాలు మాత్రం సేకర్తల పెట్టెల్లో, వేలం జాబితాల్లో, మ్యూజియం అద్దాల వెనుక మిగిలాయి. వాటిలో 1915, 1941 అనే రెండు అంకెలను మోసే రెండు పతకాల మీద ప్రత్యేక కథనం.

రాజ్యాలు సాధారణంగా గెలిచిన యుద్ధాలకు పతకాలు వేయిస్తాయి. సొంత సైన్యం వెనుదిరిగిన ఏడాదిని లోహం మీద అచ్చు వేయించి, ఆ ఏడాది పేరుతోనే సైనికుల గుండెకు తగిలించిన ప్రభుత్వాలు అరుదు. యుగోస్లావియా చరిత్రలో ఆ పని రెండుసార్లు జరిగింది. మొదటిసారి చేసింది కారాజోర్జెవిచ్ రాజవంశం కాగా, రెండోసారి చేసింది ఆ రాజవంశాన్ని తొలగించి అధికారంలోకి వచ్చిన టిటో కమ్యూనిస్టు ప్రభుత్వం. యుగోస్లావ్ పురస్కారాల సేకరణలో ఎక్కువ ధర పలికేవి ఎనామెల్ నక్షత్రాలు, బంగారు పూత శిలువలే అయినా, ఆ దేశాన్ని లోపలి నుంచి అర్థం చేసుకోదలచిన సేకర్త ముందుగా చేతిలోకి తీసుకోవలసినవి ఈ రెండు సాదా పతకాలే.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఆర్డర్ అంటే తరగతులుగా విభజించిన రాజ్య పురస్కారం. మంత్రికి, దౌత్యవేత్తకు, సేనాపతికి పై తరగతి, గుమాస్తాకు, ఉపాధ్యాయుడికి, కింది అధికారికి దిగువ తరగతి దక్కడం రివాజు. పతకం ఒక ఘటనకో, సేవకో, సాహసానికో గుర్తుగా ఇచ్చేది. 1915 పతకానికీ 1941 పతకానికీ తరగతులు లేవు కనుక, సేనాధిపతి అయినా వంటశాలలో పనిచేసిన సిపాయి అయినా ధరించినది ఒకే నమూనా. హోదాను తరగతులుగా కొలిచే పద్ధతి అంత బలంగా ఉన్న దేశంలో, కష్టకాలంలో తోడున్నారా లేదా అన్న ఒక్క ప్రశ్నకే ఈ రెండూ కట్టుబడ్డాయి.

అల్బేనియా కొండలు దాటినవారికి

1915 అక్టోబరులో జర్మన్, ఆస్ట్రియా–హంగరీ సేనలు ఉత్తరం నుంచి, బల్గేరియా సేనలు తూర్పు నుంచి విరుచుకుపడటంతో సెర్బియా సైన్యానికి దక్షిణ దారులు మూసుకుపోయాయి. లొంగిపోవడానికి నిరాకరించిన ప్రభుత్వం సైన్యాన్నీ, వెంట బయలుదేరిన పౌరులనూ చలికాలంలో మాంటెనెగ్రో, అల్బేనియా పర్వతాల మీదుగా ఆడ్రియాటిక్ తీరానికి నడిపించింది. డెబ్బై ఏళ్లు దాటిన పీటర్ రాజు ఎడ్లబండిలో ఆ దారి పట్టగా, రాజప్రతినిధిగా సైన్యాన్ని నడుపుతున్న ఆయన కుమారుడు అలెగ్జాండర్ కూడా ఆ తిరోగమనంలోనే ఉన్నాడు. ఆకలి, మంచు, టైఫస్ జ్వరం కలిసి దారి పొడవునా మనుషులను రాల్చాయి. తీరం చేరిన సుమారు లక్షన్నర మంది సైనికులను మిత్రదేశాల నౌకలు గ్రీకు ద్వీపమైన కోర్ఫూకు చేర్చాయి. అక్కడికి చేరాక కూడా మరణాలు ఆగలేదు; పక్కనున్న చిన్న ద్వీపం వీదోలో పాతిపెట్టడానికి చోటు చాలక వేలాది మృతదేహాలను సముద్రంలోనే దించవలసి వచ్చింది. కోలుకున్న సైన్యం సలోనికా రంగానికి వెళ్లి, 1918 సెప్టెంబరులో దొబ్రో పోల్యె వద్ద శత్రువు వరుసను ఛేదించి స్వదేశానికి తిరిగివచ్చింది.

1920లో అలెగ్జాండర్ ఆ నడకకు గుర్తుగా ఒక పతకాన్ని ఏర్పాటు చేశాడు. పారిస్‌లోని ఆర్తూ బెర్త్రాఁ సంస్థ తయారుచేసిన ఆ పతకానికి రెండు తలల గద్ద ఆకారం ఇచ్చి, మధ్యలో అలెగ్జాండర్ ముఖాన్ని పక్కనుంచి చెక్కారు. దాని చుట్టూ సిరిలిక్ లిపిలో ‘తన యుద్ధ సహచరులకు, అలెగ్జాండర్’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. తిప్పి చూస్తే ‘మాతృభూమి పట్ల విశ్వాసానికి’ అన్న అర్థంలో మరో పంక్తి, దానికి తోడుగా 1915 అన్న అంకె కనిపిస్తాయి. ఆకుపచ్చ రిబ్బన్‌కు అంచుల్లో నల్ల చారలుండగా, దాన్ని ఆ ప్రాంతపు పద్ధతిలో త్రికోణంగా మడిచి పతకాన్ని వేలాడదీస్తారు.

ఆ మాటలను నిదానంగా చదివితే వాటి వరుస ఎంత జాగ్రత్తగా కూర్చినదో తెలుస్తుంది. విజయం అన్న మాట లేదు, శత్రువు పేరు లేదు, యుద్ధరంగం పేరు లేదు. పాలకుడు తనను ప్రభువుగా కాక సహచరుడిగా చెప్పుకొన్నాడు. అప్పటికి రెండేళ్లయినా నిండని కొత్త రాజ్యంలో సెర్బులు, క్రొయేషియన్లు, స్లొవేనియన్లు కలిసి ఉన్నా, ఆ కొండలు దాటినవారిలో అత్యధికులు సెర్బులే కావడం వల్ల ఈ పతకం ఒక వర్గం జ్ఞాపకంగా కూడా మారింది. కొత్త దేశంలోని పౌరుల్లో చాలామంది అదే యుద్ధంలో ఆస్ట్రియా–హంగరీ సైన్యం తరఫున పోరాడినవారు. అందువల్ల ఒకే వీధిలో ఒకరి ఛాతీ మీద గౌరవంగా వెలిగిన పతకం పొరుగింటివారి ఇంట్లో మాటల్లేని ఇబ్బందిగా మిగిలింది. ఆ రాజ్యం ఎదుర్కొన్న మౌలిక సమస్యను ఏ రాజ్యాంగ పత్రమూ ఇంత క్లుప్తంగా చూపలేదు.

అడవికి వెళ్లినవారికి

1941 ఏప్రిల్ 6న బెల్‌గ్రేడ్ మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపించగా, పదకొండు రోజుల్లోనే రాజ్యసైన్యం లొంగిపోయింది. జూలై 4న కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం తిరుగుబాటుకు నిర్ణయించింది. శరత్కాలానికి పశ్చిమ సెర్బియాలోని ఉజిత్సె పట్టణం చుట్టూ పార్టిజాన్లు, అంటే ఆక్రమణదారులపై పోరాడిన గెరిల్లా దళాలు, ఒక విముక్త ప్రాంతాన్ని నిలబెట్టుకున్నాయి. నవంబరు 29న ఉజిత్సె జర్మన్ల వశం కావడంతో టిటో దళాలు కొండల్లోకి వెనుదిరిగాయి. ఆక్రమణదారులు పౌరుల మీద తీర్చుకున్న ప్రతీకారం ఎంత దారుణమో చెప్పడానికి, అక్టోబరు 21న సుమారు 2,800 మందిని కాల్చిచంపిన క్రగుయెవత్స్ పట్టణం పేరు చాలు. ఏడాది ముగిసేనాటికి సెర్బియాలో తిరుగుబాటు చేతిలో చెప్పుకోదగ్గ పట్టణం లేదు.

బెల్‌గ్రేడ్ ఇంకా జర్మన్ల చేతిలోనే ఉన్న 1944 సెప్టెంబరు 14న ‘పార్టిజాన్ స్మారక పతకం 1941’ ఏర్పాటైంది. 1941లోనే పోరాటంలో చేరి, మధ్యలో విడిచిపెట్టకుండా నిలిచినవారు దీనికి అర్హులు. 1942లో చేరినవాడు ఎంత సాహసం చేసినా ధైర్య పతకం అందుకోగలడు గానీ ఇది అందుకోలేడు. చివరికి దీన్ని పొందినవారు 27 వేలకు పైగా ఉన్నారు. ప్రతి పతకం వెనుక ఒక వరుస సంఖ్య కొట్టి, పొందినవారికి వారి పేరుతో ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు. యుద్ధానంతర యుగోస్లావియాలో ఆ చిన్న పుస్తకానికి చాలా బలముండేది. పింఛను లెక్కలో యుద్ధకాలపు సర్వీసు రెట్టింపు కావడం దగ్గర నుంచి, సభల్లో ముందు వరుసలో కూర్చోవడం దాకా దాని ప్రభావం పాకింది. 1941 నాటి మనిషి అన్న పరిచయం దేశంలో ఒక సామాజిక శ్రేణినే సృష్టించింది.

అదే పుస్తకం మనిషిని శిక్షించడానికీ పనికివచ్చింది. 1948 జూన్ 28న కమిన్‌ఫాం, అంటే మాస్కో నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీల సమాచార కేంద్రం, యుగోస్లావియాను బహిష్కరించిన తర్వాత, స్టాలిన్ పక్షం వహించారన్న ఆరోపణపై శిక్షపడినవారు స్వేచ్ఛతో పాటు పురస్కారాలనూ కోల్పోయారు. ఏడేళ్ల కిందట అందరికంటే ముందు అడవికి వెళ్లిన వ్యక్తి, ఆ తర్వాత వేరే రాజకీయ అభిప్రాయం కలిగి ఉన్నందుకు, 1941లో తాను లేనట్టే ప్రభుత్వ లెక్కల్లో మిగలవలసి వచ్చింది. జరిగిన ఏడాదిని ఏ ఉత్తర్వూ జరగకుండా చేయలేదు గానీ, ఆ ఏడాది మీద ఎవరికి హక్కుందో తేల్చే అధికారాన్ని రాజ్యం తన చేతిలోనే ఉంచుకుంది.

కాగితం విడిపోతే

సేకర్తల మధ్య పతకం ధరను నిర్ణయించేవి సాధారణంగా ఎనామెల్ పగలకపోవడం, పూత చెక్కుచెదరకపోవడం, అసలు పెట్టె ఉండటం. ఈ అలవాటును అనుమానించవలసిన సమయం వచ్చింది. 1990లలో దేశం ముక్కలై, 1993లో ద్రవ్యోల్బణం 50,000 కోట్ల దినార్ల నోటు ముద్రించే దాకా వెళ్లినప్పుడు, పింఛనుదార్ల ఇళ్లలోని పతకాలు బెల్‌గ్రేడ్ కోట కలెమెగ్దాన్ దగ్గరి చిల్లర బల్లల మీదికీ, అక్కడి నుంచి విదేశాలకూ చేరాయి. లోహం తేలిగ్గా అమ్ముడుపోయింది. పేరున్న పుస్తకం, ధ్రువపత్రం చాలాచోట్ల వెనుకనే ఉండిపోయాయి. ఒకే మనిషి అందుకున్న నాలుగైదు పతకాలు విడివిడిగా నలుగురైదుగురి చేతుల్లో పడటం కూడా మామూలైంది.

1915 పతకంపై వరుస సంఖ్య లేదు కాబట్టి, ధ్రువపత్రం విడిపోయిన క్షణాన అది ఎవరిదో తెలిపే ఆధారం పోతుంది. 1941 పతకానికి సంఖ్య ఉన్నందువల్ల కొంత ఆశ మిగులుతుంది. పుస్తకంలోని సంఖ్యనూ లోహం మీది సంఖ్యనూ సరిపోల్చి, అధికార గెజిట్‌లో అచ్చయిన పురస్కార ఉత్తర్వులతో కలిపి చదివితే ఒక జీవితం రూపురేఖలు తేలుతాయి. కాగితం కాలాన్ని కూడా చెబుతుంది. 1945 నుంచి 1963 వరకు దేశం పేరు ఫెడరల్ పీపుల్స్ రిపబ్లిక్, ఆ తర్వాత సోషలిస్ట్ ఫెడరల్ రిపబ్లిక్. రాజ్యచిహ్నంలో మంటగా కలిసే కాగడాలు 1963 దాకా ఐదు, ఆ ఏడాది రాజ్యాంగంతో ఆరు అయ్యాయి. చిహ్నం కింద 29.11.1943 అన్న తేదీ, అంటే యాయ్‌త్సె పట్టణంలో పార్టిజాన్ల విముక్తి మండలి కొత్త సమాఖ్యను ప్రకటించిన రోజు, ఉంటుంది. ఉజిత్సె పతనమైన రోజుకు సరిగ్గా రెండేళ్లు.

నేపథ్యం

సెర్బియా సంస్థానం 1865లో తాకొవొ శిలువ, సెర్బియా రాజ్యం 1883లో శ్వేత గద్ద, సెయింట్ సావా ఆర్డర్లు, 1904లో కారాజోర్జె నక్షత్రం నెలకొల్పాయి. 1903లో ఒబ్రెనోవిచ్ వంశపు చివరి రాజు హత్యకు గురికావడంతో తాకొవొ శిలువ రద్దయింది. 1918లో ఏర్పడిన ఉమ్మడి రాజ్యం 1929లో యుగోస్లావియా పేరు పెట్టుకుని మిగిలినవాటిని కొనసాగిస్తూ యుగోస్లావ్ కిరీటం అనే ఆర్డర్‌ను జోడించింది. 1943 ఆగస్టు 15న పార్టిజాన్ నక్షత్రం, జాతీయ విముక్తి, సోదరత్వం–ఐక్యత, ధైర్యం పేరిట కొత్త పురస్కారాలు వచ్చాయి. 1945లో శ్రమ ఆర్డర్, 1954లో యుగోస్లావ్ నక్షత్రం వంటివి చేరాయి. సెర్బియా, మాంటెనెగ్రోలతో మిగిలిన యుగోస్లావియా 1998 చట్టంతో మరో వరుస ఏర్పాటు చేయగా, 2003లో ఆ పేరే పోయింది. 2009లో సెర్బియా కారాజోర్జె నక్షత్రాన్ని తిరిగి తెచ్చుకుంది.

బాక్స్ 1: వెనుక వైపు చూడవలసినవి

పారిస్‌లో తయారైన చిన్న వెండి వస్తువులపై 1838 నుంచి 1962 దాకా అడవిపంది తల ముద్ర, ఆస్ట్రియా–హంగరీ వెండిపై 1867 నుంచి 1922 దాకా డయానా దేవత తల ముద్ర ఉండేవి. రాజుల కాలపు ఆర్డర్లను పారిస్, వియన్నా, స్విట్జర్లాండ్‌లలో చేయించుకోవడం వల్ల ఈ ముద్రలు తేదీ నిర్ధారణకు పనికివస్తాయి. పార్టిజాన్ ఆర్డర్లలో తొలివి మాస్కోలో తయారయ్యాయి. వాటిపై రష్యన్‌లో టంకశాల అని ముద్ర, సంఖ్య, బట్టకు బిగించే మర ఉంటాయి. తర్వాతివాటిపై జాగ్రెబ్‌లోని ఐకోం సంస్థ పేరు కనిపిస్తుంది. నమూనాలు గీసినవారిలో చిత్రకారుడు జోర్జె ఆంద్రెయెవిచ్ కూన్, శిల్పి ఆంటున్ అవ్‌గుస్తిన్‌చిచ్ ముఖ్యులు. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ఆవరణలో ఉన్న గుర్రపు రౌతు శాంతి విగ్రహం ఆ శిల్పి చేసినదే.

బాక్స్ 2: ఉక్కు రెజిమెంట్‌లో ఇద్దరు స్త్రీలు

ఉక్కు రెజిమెంట్‌గా పేరుపడ్డ సెర్బియా రెండో పదాతి దళంలో పోరాడిన మిలున్‌కా సావిచ్, 1912 బాల్కన్ యుద్ధంలో సోదరుడి పేరుతో, మగవేషంలో సైన్యంలో చేరింది. కత్తులతో కూడిన కారాజోర్జె నక్షత్రాన్ని, అంటే యుద్ధరంగంలో చూపిన సాహసానికి ఇచ్చే రూపాన్ని, రెండుసార్లు అందుకుంది. యుద్ధం తర్వాత బెల్‌గ్రేడ్‌లోని ఒక బ్యాంకులో ఊడ్చి తుడిచే పనిచేసి, 1973లో మరణించింది. 2013లో ఆమె అవశేషాలను నగరంలోని ప్రముఖుల శ్మశానవాటికకు తరలించారు. అదే రెజిమెంట్‌తో అల్బేనియా దాటిన ఆంగ్ల మహిళ ఫ్లోరా శాండ్స్ 1916లో గాయపడి, కారాజోర్జె నక్షత్రం పొందింది.

బాక్స్ 3: ఒక్కడి పతకాలు

అలీనోద్యమంలో నెహ్రూ సహచరుడిగా తెలుగు పాఠకులకు తెలిసిన టిటోకు 60 దేశాల నుంచి, స్వదేశాన్ని కలుపుకొని, 119 పురస్కారాలు దక్కాయి. జాతీయ వీరుడు ఆర్డర్‌ను ఆయన 1944, 1972, 1977లలో మూడుసార్లు స్వీకరించాడు. 1945లో అందుకున్న సోవియట్ ‘విజయం’ ఆర్డర్ బెల్‌గ్రేడ్‌లోని యుగోస్లావియా మ్యూజియం సంపదలో ఉంది.

సేకర్త బాధ్యత

టిటో పురస్కారాలకు మ్యూజియం ఉంది, సేనాపతుల పతకాలకు 1878లో స్థాపించిన బెల్‌గ్రేడ్ సైనిక మ్యూజియం ఉంది. అల్బేనియా మంచులో నడిచిన అనామక సిపాయికి, ఉజిత్సె నుంచి వెనుదిరిగిన కార్మికుడికి మిగిలిన చోటు ప్రైవేటు సేకర్త పెట్టె ఒక్కటే కావడం వల్ల, ఆ సేకర్త ఇష్టం ఉన్నా లేకపోయినా భాండాగారం చేయవలసిన పనినే చేస్తున్నాడు. కనుక పూత మెరిసే పేరులేని పతకం కంటే, అంచు అరిగినా పుస్తకంతో, సంఖ్యతో, ఒక మనిషి పేరుతో వచ్చిన పతకాన్నే ఎంచుకోవడం, ఒకే వ్యక్తికి చెందిన పతకాలను ఎక్కువ ధర కోసం విడగొట్టకపోవడం అతడు పాటించవలసిన మొదటి నియమాలు. 1915కూ 1941కీ పతకాలు ఇచ్చినవారు ఆ ఏడాది ఎవరు వెంట నిలిచారో గుర్తుంచుకోవాలనుకున్నారు. ఇచ్చిన రాజ్యాలు లేవు కాబట్టి, ఆ పేర్లను గుర్తుంచుకునే బాధ్యత ఇప్పుడు ఆ పతకం ఎవరి చేతిలో ఉంటే వారిది.