ఇంజను వెనుక సీలు: ఆయిలు కారకుండ బిగించు విధము

గడచిన సార్వా నాట్ల కాలమున మా సంఘపు ట్రాక్టరు రెండు విడతలుగా మొత్తము తొమ్మిది దినములు పని లేక షెడ్డులో నిలిచిపోయినది. దమ్ము చేయించుకొనుటకు పేర్లు వ్రాయించుకొన్న సభ్యులు, తమ వంతు రాక, నారు ముదిరిపోవుచుండగా బయటి బండ్లను హెచ్చు బాడుగకు పిలుచుకొనవలసి వచ్చెను. ఇంత నష్టమునకు కారణము ఇంజను వెనుక నుండు అరచేతి వెడల్పు రబ్బరు వలయము. దానిని ఒక నెలలో రెండు మారులు మార్చవలసి వచ్చినది. మొదటి మారు ఏల చెడెనో, రెండవ మారు ఎట్లు నిలిచెనో తెలిసికొన్న పిదప ఆ సంగతులను సభ్యులందరి యెదుట నుంచుట మా విధి యని తలచితిమి.

ఇంజనులో పిస్టనుల బలమును త్రిప్పుడుగా మార్చు ఇరుసునకు క్రాంకుషాఫ్టు అని పేరు. దాని వెనుక కొన ఇంజను దిమ్మను దాటి వెలికి వచ్చును. ఆ కొనకు ఫ్లైవీలును, ఫ్లైవీలునకు క్లచ్చియు అమర్చబడి యుండును. లోపల ఆయిలు నిరంతరము చిమ్ముచుండును. వెలుపల క్లచ్చి పొడిగా నుండవలెను. ఈ రెంటి నడుమ కావలి యుండునదే వెనుక సీలు. పొలమున ఇరుసు నిమిషమునకు రమారమి 2,000 చుట్లు తిరుగును. అట్లు తిరుగు ఇరుసును బిగబట్టక, ఆయిలును పోనీయక నిలుచుట ఈ వలయపు పని.

సీళ్లు ముఖ్యముగా మూడు జాతులు. పాత ఇంజనులలో గ్రాఫైటు పట్టించిన తాడును రెండు అర్ధ వలయముల గాడిలో కూర్చుచుండిరి. పెదవి గల సీలు జర్మనీ దేశమున 1930 తరువాతి యేండ్లలో వాల్టర్ సిమ్మర్ అను ఇంజనీరు పేర వ్యాప్తి చెందినది. మొదట అది తోలుతోను, పిమ్మట కృత్రిమ రబ్బరుతోను చేయబడెను. మూడవది టెఫ్లాను పెదవి గలది. టెఫ్లానును 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఈ మూడు జాతులకును బిగింపు వేరు. ఒకదాని పద్ధతిని మరియొకదానికి ప్రయోగించినచో క్రొత్త సీలైనను కారుట తప్పదు.

చుక్కలే గదా యని ఉపేక్షింపరాదు. ముప్పది చుక్కలు కలిసి ఒక మిల్లీలీటరే యనుకొన్నను, సెకనుకొక చుక్క చొప్పున పది గంటలలో 36,000 చుక్కలు, అనగా 1,200 మిల్లీలీటర్లు పోవును. చూచుకొనక నడిపినచో ఆయిలు మట్టము తగ్గి బేరింగులు మాడును. అంతకు ముందే క్లచ్చి ప్లేటునకు ఆయిలు పట్టి, బరువు పనిలో క్లచ్చి జారనారంభించును.

మొదట నిర్ణయింపవలసినది, కారునది నిజముగా వెనుక సీలేనా యనునది. ట్రాక్టరును నడుమకు విడదీయుట పెద్ద పని. అందుచే తొందర కూడదు. పైనున్న రాకరు మూతనుండి గాని, ఆయిలు ఒత్తిడి స్విచ్చి కడనుండి గాని కారినది కూడ వెనుకకు ప్రాకి, క్లచ్చి గూటి క్రిందనే చుక్కలుగా పడును. చాంబరు ప్యాకింగు వెనుక మూలలు కారినను అట్లే కనబడును. గేరు పెట్టె ముందరి సీలు చెడినను ఆయిలు అక్కడికే చేరును. అయితే గేరు ఆయిలు చిక్కగా నుండి గంధకపు వాసన వేయును, ఇంజను ఆయిలు నల్లబడి పలుచగా నుండును. కావున ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, అనుమానము గల చోట్ల ముఖమునకు రాచుకొను పౌడరు చల్లి, కొంతసేపు నడిపి చూడవలెను. పౌడరు ముందుగా ఎచ్చట తడియునో అచ్చటనే దోషము గలదు.

రెండవది, పాత సీలు ఏల చెడినదని యడుగుట. మేము మొదటి మారు పొరబడినది ఇచ్చటనే. ఇంజను లోపలి వాయువు వెలికి పోవుటకు బ్రీదరు గొట్టము కలదు. దమ్ము బురదయు ఊకయు చేరి మా బండి గొట్టము పూడుకొనిపోయి యుండెను. లోపలి గాలికి దారి లేక ఒత్తిడి పెరిగి, అది వెనుక సీలు పెదవిని త్రోసి ఆయిలును వెడలగొట్టెను. మెకానిక్కు క్రొత్త సీలు చక్కగనే బిగించెను. కాని గొట్టమును చూడలేదు, చూడుమని మేమును చెప్పలేదు. ఆరవ దినమున మరల చుక్కలు పడెను. అప్పుడు ఇంజను మెల్లగా నడుచుచుండగా ఆయిలు పోయు మూత తీసి చూచితిమి. బుస్సుమని గాలి కొట్టినది. గొట్టము శుభ్రపరచుటకు పావుగంట పట్టినది. కాని అప్పటికే సీలు పెదవి మరలిపోయినందున బండిని రెండవ మారు విడదీయక తప్పినది కాదు. ఆ పావుగంట పని మొదటనే జరిగినచో సంఘమునకు సగము ఖర్చును, సభ్యులకు వంతులును దక్కెడివి. గొట్టము శుభ్రముగా నున్నను గాలి బలముగా కొట్టుచున్నచో పిస్టను రింగులు అరిగినవని తెలియవలెను. అట్టి ఇంజనునకు ఎన్ని సీళ్లు మార్చినను ప్రయోజనము స్వల్పము.

బండిని విడదీయుటకు ముందు, ముందరి ఇరుసునకును చట్రమునకును నడుమ రెండు ప్రక్కల కొయ్య చీలలు గట్టిగా బిగింపవలెను. లేనిచో ముందరి భాగము ప్రక్కకు ఒరగి మనుష్యుల ప్రాణమునకే ముప్పు తెచ్చును. పాత తాడు సీలులో రాతినార ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును గనుక ఊది దులుపక, తడిపి తీయవలెను.

సీలు తీసిన పిదప క్రాంకుషాఫ్టును గోటితో తడిమి చూడవలెను. పాత పెదవి ఒరసిన చోట గోరు చిక్కుకొన్నచో గాడి పడినదని అర్థము. క్రొత్త పెదవి ఆ గాడిలోనే కూర్చున్నచో ఆయిలు నిలువదు. తయారీదారుల పుస్తకము అనుమతించినచో సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోనికో వెలికో జరిపి, నునుపైన చోట పెదవి ఒరయునట్లు చేయవచ్చును. లేనియెడల పలుచని ఉక్కు తొడుగును ఇరుసునకు ఎక్కింపవలెను. తుప్పు మరకలను సన్నని ఎమరీ కాగితముతో తీయునప్పుడు ఇరుసు చుట్టును రుద్దవలెనే గాని పొడవునకు రుద్దరాదు. పొడవునకు పడిన గీతలు ఆయిలునకు కాలువలగును. ఇరుసు పైకి క్రిందికి కదలుచున్నదేమో కూడ చూడవలెను. మెయిను బేరింగులు అరిగినచో ఏ పెదవియు దానిని వెంటాడజాలదు.

ఇక బిగింపు. రబ్బరు పెదవి సీలునకు పెదవిమీదను ఇరుసుమీదను శుభ్రమైన ఇంజను ఆయిలు పూయవలెను. పొడిగా తిరిగినచో పెదవి మొదటి నిమిషములలోనే కాలును. టెఫ్లాను సీళ్లలో పెక్కింటికి ఇందుకు విరుద్ధమైన నియమము కలదు: పెదవియు ఇరుసును ఆయిలు తడి లేక పొడిగా నుండవలెను. ఏది యేదియో సీలుతో వచ్చిన కాగితము తెలుపును. ఆ కాగితమును పారవేయక ముందు చదువుడు. తిరుగు దిశను చూపు బాణపు గుర్తు ఉన్నచో దానిని గమనింపవలెను. పెదవిపై నుండు సన్నని గీతలు ఒక దిశలోనే ఆయిలును లోనికి మరల్చును. పెదవి ఇరుసు అంచుకు తగిలి చీలకుండ, సీలుతో వచ్చిన ప్లాస్టిక్కు తొడుగు మీదుగా ఎక్కింపవలెను. సుత్తితో ఒక ప్రక్క కొట్టుట పెద్ద తప్పు. సీలు చుట్టుకొలతకు సరిపడు వలయమును ఆనించి, నలువైపుల సమముగా నొక్కి, చుట్టును లోతు ఒక్కటిగా నున్నదా యని కొలిచి చూడవలెను.

తాడు సీలు గల ఇంజనులకు ఓర్పు హెచ్చుగా కావలెను. పాత పెర్కిన్సు ఇంజనుల పద్ధతి యేమనగా, మొదట తాడు రెండు కొనలను గాడిలో ఇంచుమించు 25 మిల్లీమీటర్ల మేర కూర్చి, కొనలు అతుకు ముఖమునకు పైన 0.25 నుండి 0.50 మిల్లీమీటరు పొడుచుకొని యుండునట్లు ఉంచి, తరువాత నడిమి భాగమును నొక్కి, గుండ్రని కడ్డీతో దొర్లించి అణచవలెను. లోపలి ముఖమునకు గ్రాఫైటు గ్రీజు పూయవలెను. పొడుచుకొన్న కొనలను బ్లేడుతో కోసివేసినచో రెండు అర్ధములు కలియు చోట సందు మిగిలి అక్కడనే కారును.

ఫ్లైవీలు బోల్టుల రంధ్రములు కొన్ని ఇంజనులలో లోనికి తెరచుకొని యుండును. అట్టివానిలో మరలకు తగిన పేస్టు పూయనిచో ఆయిలు మరల వెంబడి వచ్చి, నింద సీలుపై పడును. బోల్టులను పుస్తకము చెప్పిన బిగువునకే, ఎదురెదురుగా బిగింపవలెను. అంతయు మూయక ముందే బ్రీదరును మరియొకసారి చూడుడు.

క్లచ్చి గూటి అడుగున ఒక చిన్న రంధ్రము కలదు. లోపల చేరిన ఆయిలు అందుండి జారి, సీలు చెడినదని మనకు ముందుగా తెలుపును. కొన్ని ట్రాక్టర్లలో దమ్ము చేయునప్పుడు బురద చొరకుండ దీనికి బిరడా పెట్టుదురు. దమ్ము ముగియగానే దానిని తీయవలెను. మరచినచో ఆయిలు లోపలనే నిలిచి, క్లచ్చి తడిసిన పిదప గాని మనకు తెలియదు.

సభ్యులకు మా మనవి యొక్కటే. సీలు వెల స్వల్పము. దానిని చేరుటకగు శ్రమయు, పోవు అదనును గొప్పవి. కావున బండి విడదీయుటకు ముందు గొట్టము చూచితిరా యనియు, విప్పిన పిదప ఇరుసు తడిమితిరా యనియు మెకానిక్కును అడుగుట బండి యజమానులైన సభ్యుల హక్కు. పాత సీలును పారవేయనీయక తెప్పించి చూడుడు; దాని పెదవిమీదనే చెడిన కారణము వ్రాసి యుండును. మా సంఘమున ఇప్పుడు ప్రతి దమ్ము కాలమునకు ముందు బ్రీదరు శుభ్రపరచి, ఆ తేదీని ట్రాక్టరు పుస్తకములో వ్రాయుచున్నారము. ట్రాక్టరు గల సంఘములన్నియు ఇట్లు చేసినచో, నాట్ల వేళ తమ వంతునకై గట్టున నిలిచి యెదురుచూచు రైతునకు నిరాశ తప్పును.