పోయేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 7!

లండన్, న్యూయార్క్ నగరాల మధ్య దూరం సుమారు 5,570 కిలోమీటర్లు. లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లడానికి విమానానికి దాదాపు 8 గంటలు పడుతుంది. తిరిగి రావడానికి 7 గంటలే చాలు. దూరం ఒకటే కదా, ఈ తేడా ఎందుకు?

భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి, పడమటికి వెళ్లే విమానానికి న్యూయార్కే ఎదురు రావాలని మీకు తోచవచ్చు. కాని భూమితోపాటు గాలి, ఆ గాలిలోని విమానం కూడా తిరుగుతూనే ఉంటాయి.

అసలు కారణం వేరు. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ఏరులా పారుతుంటుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. ఏటివాలున పోయే పడవలాగా తూర్పుకు వచ్చే విమానం త్వరగా చేరుతుంది. ఎదురెక్కే విమానానికి ఆలస్యమవుతుంది.

2020 ఫిబ్రవరిలో, తుపాను గాలుల సాయంతో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే వచ్చేసింది!