ఫొటో వెనక రంగు మార్చుడు ఎట్ల?



స్కాలర్‌షిప్పుకైనా, పరీక్షకైనా, ఉద్యోగానికైనా దరఖాస్తులో ముందు అడిగేది ఫొటో. చాలావాటిలో "వెనక తెల్లగా ఉండాలి" అని రాసి ఉంటది. మనం ఇంటి కాడ దిగిన ఫొటోలో వెనక మట్టిగోడ, చెట్లు, దడి ఉంటయి. అప్పుడు ఏం చేయాలి?

హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి అనే చోట్లు ఉన్నాయి. గ్రూప్స్ లాంటి సర్కారు కొలువులకు చదివేవాళ్ళు జిల్లాల నుంచి వచ్చి అక్కడ రూముల్లో ఉంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చొని చదువుకుంటారు. మా గూడెం నుంచి పోయిన ఒక అన్న అక్కడే ఉండి చదువుతున్నడు. ఫొటోల సంగతి ఆ అన్ననే నాకు చెప్పిండు.

కంప్యూటరుకు మన ముఖం, గోడ అని తేడా తెలవదు. దానికి ఫొటో అంటే చిన్న చిన్న గళ్ళు. వీటిని పిక్సెల్స్ అంటారు. ఒక్కో గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి. అవి 0 నుంచి 255 దాకా ఉంటాయి. మూడూ 0 అయితే నలుపు. మూడూ 255 అయితే తెలుపు. వెనక రంగు మార్చుడంటే వెనక ఉన్న గళ్ళ అంకెలను 255 చేయడమే.

ఈ పనికి ఫొటోషాప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది 1990లో వచ్చింది, దానికి డబ్బు కట్టాలి. జింప్ అనేది 1996లో వచ్చింది, ఇది ఉచితం. జింప్‌లో ఇట్ల చేయాలి:

1. ముందు ఫొటోకు కాపీ తీసి పెట్టుకోవాలి. అసలుది పాడు కావద్దు.
2. ఫజ్జీ సెలెక్ట్ తీసుకొని గోడ మీద నొక్కాలి. ఆ రంగుకు దగ్గరున్న గళ్ళ చుట్టూ చుక్కల గీత వస్తది. మిగిలిన గోడను షిఫ్ట్ పట్టుకొని కలపాలి.
3. చెవి, జుట్టు కూడా గీతలోకి వస్తే కంట్రోల్ పట్టుకొని తీసేయాలి.
4. ఫెదర్‌లో 2 పెట్టాలి. లేకుంటే కత్తెరతో కోసినట్టు కనబడతది.
5. తెల్ల రంగు నింపి, ఎక్స్‌పోర్ట్‌లో జేపెగ్‌గా దాచుకోవాలి.

గీత లోపల ఉన్నదే మారుతుంది, బయట ఉన్నది మారదు. అసలు కిటుకు ఇదే.

కానీ కొన్ని దుకాణాల్లో తొందర కోసం గీత గీయరు. ఫొటో మొత్తానికి వెలుగు పెంచుతారు. గోడతో పాటు ముఖం కూడా తెల్లబడుతుంది. మా గూడెం అక్క ఒకామె ఫొటోకు ఇట్లనే చేసిండ్రు. నుదుటి మీది పచ్చబొట్టు కూడా పోయింది. "మంచిగ తెల్లగ వచ్చింది" అన్నరంట. వాళ్ళ అవ్వ ఫొటో చూసి "ఈ పిల్ల ఎవరు?" అని అడిగింది. అవ్వే గుర్తుపట్టకపోతే పరీక్ష హాల్లో సారు ఎట్ల గుర్తుపడతడు? ఫొటో అడిగేది మనల్ని గుర్తుపట్టడానికి, అందం చూడడానికి కాదు. నలుపు మన రంగు, అది మరక కాదు.

నల్లటి జుట్టు వెనక నల్లటి గోడ ఉంటే కంప్యూటరుకు హద్దు దొరకదు, జుట్టు కోసేస్తది. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా అయినా అంతే. సినిమావాళ్ళు ఆకుపచ్చ గుడ్డ కట్టేది ఇందుకే. మనిషి ఒళ్ళు నలుపైనా ఎరుపైనా ఆ పచ్చ రంగుకు దూరంగానే ఉంటది.

ఇంకొక మాట. సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫొటో అన్నిచోట్లా తీసుకోరు. పాస్‌పోర్టు లాంటి వాటికి నియమాలు గట్టిగా ఉంటాయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2024 నుంచి దరఖాస్తు నింపేటప్పుడే కెమెరాతో ఫొటో తీసుకుంటుంది. అందుకని ముందే మంచిగ దిగుడు మేలు. ఉతికిన తెల్ల పంచె గోడకు కట్టండి. దానికి రెండు అడుగులు ముందు నిలబడండి, నీడ పడదు. వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి రావద్దు. ముదురు రంగు బట్టలు వేసుకోండి.

దుకాణానికి పోతే భయపడకుండా ఒక్క మాట చెప్పండి: "అన్నా, వెనక రంగే మార్చు, నా ముఖం రంగు ముట్టకు." డబ్బులు ఇచ్చే ముందు ఫొటో చూసుకోండి. మీ అవ్వ గుర్తుపట్టేటట్టు ఉంటేనే తీసుకోండి.