చల్లగాలి తప్పించుకొను దారులు

పూర్వము వేసవి యెండలకు తాళలేని దొరలు మదనపల్లెకు చేరువనున్న హార్స్‌లీ కొండ యెక్కెడివారు. కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర పేరే ఆ కొండకు నిలిచినది. నేడు కొండ యెక్కు పని లేకయే ఏ.సి. యంత్రము మన కలికిరి యిండ్లలోనికి చల్లదనమును తెచ్చుచున్నది. కాని చల్లదనమును తెచ్చుట మాత్రమే యంత్రము పని. దానిని నిలుపుకొనుట గృహిణి పని.

“రాత్రియంతయు యంత్ర మాడినను మిద్దెగదిలో చెమట యారదు, బిల్లు మాత్రము పెరిగినది” అని పలువురు సోదరీమణులు వాపోవుచుందురు. ఒక టన్నుది చాలదు, ఒకటిన్నర టన్నుది కొనుడని దుకాణదారు చెప్పును. టన్ననగా యంత్రపు బరువు కాదు. ఒక దినములో టన్ను మంచును కరగించునంత వేడిని గదినుండి తొలగించు శక్తి. చిల్లికుండకు పెద్ద చేద తెచ్చిన ఫలమేమి? వేలు వెచ్చించుటకు ముందు అటకను పరీక్షింపవలయును.

మన యిండ్లలో చింతపండు, పసుపు, ఇత్తడి సామాను దాచు అటక పలుచోట్ల ఒకవైపు పడకగదికిని, మరియొకవైపు వంటింటికిని తెరచియుండును. చల్లగాలి బరువైనది; అది దిగువకు జారి తలుపు క్రింది సందున వెడలిపోవును. ఆ చోటు నింపుటకు, మిద్దె క్రింద కాగిన గాలి అటకనోటి గుండ లోనికి దిగును. నష్టమొక్కటే, ద్వారములు రెండు.

మరియొక కీడును గలదు. అటకమీదుగా పోవు రాగిగొట్టముపై నల్లని స్పాంజితొడుగు చినిగినచో, చల్లనీళ్ల చెంబుపై వలె నీటిబొట్లు పట్టును. అవి కారి యేడాదికి దాచుకొన్న చింతపండు బూజుపట్టును.

పరీక్ష సులభము. తలుపులు, కిటికీలు మూసి, పంకా నాపి, యంత్రపు గాలి సూటిగా తగులని చోట అగరువత్తిని పట్టుకొనవలయును. తలుపు క్రింద, కిటికీ యంచుల, గొట్టము గోడ దాటు రంధ్రమున, అటకనోట, ఫాల్స్ సీలింగు దీపముల చుట్టును చూడుడు. పొగ చెదరినచోటనే సందున్నది. తెరలకు నిప్పంటకుండ జాగ్రత్త వహింపవలయును.

అటకకు చెక్కతలుపులు పెట్టించి యంచులకు రబ్బరుపట్టీ యంటింపవలయును. చిన్న రంధ్రములకు ఎమ్‌సీల్, పెద్దవానికి సిమెంటు చాలును. తలుపు క్రింద పాతచీర చుట్టయైనను పనిచేయును. చినిగిన తొడుగును మెకానిక్కుచే మార్పింపుడు. గొట్టముపై మంచు పేరుకొన్నను, అతుకుల కడ నూనెమరక కనబడినను మనము చేయిపెట్టరాదు; అది మెకానిక్కు పని. అటక యెక్కుటకు ముందు స్విచ్చి యాపి, నిచ్చెనను మరియొకరిచే పట్టింపవలయును.

అమెరికాలో కాపురమున్న మన బిడ్డలకును ఈ చిక్కు గలదు. అచ్చటి పెక్కిండ్లలో చల్లగాలి గొట్టములు కప్పుక్రింది అటకలోనే పోవును. ఆ గాలిలో 20 మొదలు 30 శాతము వరకు సందులగుండ వృథాయగునని అచ్చటి ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ వారి లెక్క. డక్ట్ టేపు పేరునకే గొట్టముల టేపు; 1998లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు పరీక్షింపగా వేడికి అదియే యూడిపోయినది. మాస్టిక్ అను ముద్దయే నిలుచును. కనుక మనమును బట్టటేపు చుట్టి తృప్తి పడరాదు.

అట్లని గాలి చొరకుండ మూసిన గదిలో బొగ్గుకుంపటి నెన్నడును ఉంచరాదు. దాని విషవాయువు వాసన లేకయే ప్రాణము తీయును. ప్రతి యుదయమును కిటికీలు తెరచి క్రొత్తగాలి రానిండు.

2020 జనవరి నుండి మన దేశమున స్టారు గుర్తుగల క్రొత్త యంత్రములు 24 డిగ్రీలకే అమర్పబడి వచ్చుచున్నవి. సందులు మూసిన గదికి ఆ 24 చాలును. యూనిట్లు పెరిగిన కొలది ధరయు పెరుగు మన కరెంటు పద్ధతిలో, మూసిన ప్రతి సందును ఇంటికి మిగిలిన సొమ్మే.